గ్వినెద్ రాజులు: ఎవరి నోట విన్నాం?



ఈ పూట మిమ్మల్ని బ్రిటన్ దీవికి పడమటి అంచున ఉన్న వేల్స్‌కి తీసుకువెళ్తాను. వేల్స్‌లో వాయవ్య మూల స్నోడోనియా కొండలున్నాయి. కొండలు దాటితే ఒక సన్నని జలసంధి, దాని అవతల ఆంగ్ల్సీ అనే దీవి. కొండలు శత్రువుకు అడ్డుపడేవి, దీవి గింజలు పండించి పెట్టేది. ఆ రెండూ ఒకడి చేతిలో ఉంటే వాణ్ని అక్కణ్ణించి కదిలించడం తేలికైన పని కాదు. 5వ శతాబ్దం మొదట్లో రోమన్ల పాలన బ్రిటన్‌లో ముగిసిపోయాక ఇక్కడ ఒక రాజ్యం లేచింది. దాని పేరు గ్వినెద్. 1280ల్లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ దాన్ని మింగేసేదాకా, పడుతూ లేస్తూ, ఎనిమిది వందల ఏళ్ల పైచిలుకు నిలిచింది.

ఇంగ్లీషు వాళ్లు సముద్రం దాటి రాకముందు బ్రిటన్ దీవిలో ఎక్కువమంది మాట్లాడింది బ్రిథానిక్ భాష. ఇప్పటికీ లక్షలమంది నోట ఉన్న వెల్ష్ భాష దాని బిడ్డే. తూర్పున కొత్త జనం ఒక్కొక్క ప్రాంతమే ఆక్రమిస్తూ వస్తుంటే ఆ పాత జనం నిలబెట్టుకున్న రాజ్యాల్లో అన్నింటికన్నా ఎక్కువకాలం నిలిచిన వాటిలో గ్వినెద్ ఒకటి. దాని తొలి రాజుల గురించి మనకు తెలిసింది గుప్పెడు. ఆ గుప్పెడు కూడా ఒకే చోట దొరకదు. ఒక రాజు గురించి అతన్ని తిట్టిన సన్యాసి చెబుతాడు. ఇంకొకరి గురించి శత్రువుల చరిత్రకారుడు చెబుతాడు. మరొకరి గురించి సమాధి రాయి చెబుతుంది. అందుకని నేను ఏ రాజు పేరు ఎత్తినా, ఈ మాట మనకు చెప్పిందెవరు, అతనికి ఆ రాజుతో ఏం పని, అని కూడా అడుగుతూ వెళ్తాను. కట్టుకథ ఇది, చరిత్ర అది అని గీత గీసి సగం అవతల పారేయడం నాకు ఇష్టం లేదు. కట్టుకథను కట్టినవాడు కూడా చరిత్రలోని మనిషే కదా.

మూలపురుషుడి పేరు కునెద. అతను ఇక్కడివాడు కాదు. ఇప్పటి స్కాట్లండ్‌లో ఫోర్త్ నది పరిసరాల్లో ఉండిన మనౌ గొదొదిన్ అనే చోటు నుంచి కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చాడట. అప్పటికే గ్వినెద్ తీరంలో పాతుకుపోయిన ఐరిష్ వాళ్లను ఊచకోత కోసి తరిమేశాడట. మైల్‌గున్ అనే రాజు ఏలడానికి 146 ఏళ్ల ముందు ఇదంతా జరిగిందని ఒక లాటిన్ గ్రంథం లెక్క కూడా చెబుతుంది. కునెద తండ్రి ఎదెర్న్, తాత ఎర్ర అంగీ పదర్న్, ముత్తాత తెగిద్. ఈటెర్నస్, పాటెర్నస్, టాసిటస్ అనే రోమన్ పేర్లు స్థానికుల నోట పడి అలా మారాయి. రోమ్ సామ్రాజ్యంలో ఏదో ఒక హోదా అనుభవించిన కుటుంబం అయ్యుండొచ్చని చరిత్రకారులు ఊహించడానికి ఆ పేర్లే ఆధారం.

కొడుకుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి అనుమానం మొదలవుతుంది. కెరెదిగ్ ఏలిన నేల కెరెదిగియాన్. రువాన్ ఏలినది రువానియోగ్. దునాద్ ఏలినది దునోదింగ్. మనవడు మెయిరియాన్ ఏలినది మెయిరియోనిద్. వేల్స్ ఉత్తర, పడమటి భాగాల్లో ఉన్న చిన్న సీమల్లో చాలావాటికి కునెద ఇంట్లో ఒక కొడుకో మనవడో సిద్ధంగా ఉన్నాడు. మన ఊళ్ల కైఫీయత్తులు తిరగేసినవారికి ఈ ధోరణి కొత్త కాదు: ఊరి పేరు ముందు ఉంటుంది, ఆ పేరుగల మూలపురుషుడు తర్వాత పుడతాడు. ఆ సీమలన్నీ ఒకే తండ్రి బిడ్డలవైతే, పెద్ద ఇల్లయిన గ్వినెద్ మాట అందరూ వినాలి. కథలో ఉన్న అసలు కోరిక అది. ఆ కోరిక ఎవరిదో కాసేపట్లో చెబుతాను.

ఈలోగా రాళ్ల దగ్గరికి వెళదాం. స్నోడోనియా కొండల మధ్య పెన్మాఖ్నో అనే ఊరి చర్చిలో ఒక చిన్న సమాధి రాయి ఉంది. 5వ శతాబ్దం చివరిదో, 6వ శతాబ్దానిదో. కాంటియోరిక్స్ అనే ఆయన ఇక్కడ ఉన్నాడని, ఆయన గ్వినెద్ పౌరుడని, మాగ్లస్ అనే న్యాయాధికారికి దగ్గరి బంధువని లాటిన్‌లో చెక్కారు. మీరు గమనించారో లేదో, ఇందులో రాజు లేడు, కత్తి లేదు, కునెద లేడు. పౌరుడు, అధికారి అనే రోమన్ మాటలున్నాయి. సామ్రాజ్యం పోయి రెండుమూడు తరాలు గడిచినా ఆ కొండల్లో ఎవరో ఒకరు పాత పద్ధతి ప్రకారం తీర్పులు చెబుతున్నారు, ఆయన బంధువునని చెప్పుకోవడం గౌరవంగా ఉంది. గ్వినెద్ పుట్టుక గురించి కునెద కథ చెప్పని సంగతి ఈ రాయి చెబుతోంది. నాకైతే కునెద దండయాత్ర కంటే ఈ నాలుగు ముక్కలే ఎక్కువ విలువైనవి.

ఇక మైల్‌గున్. వంశావళి ప్రకారం కునెదకు మునిమనవడు. 6వ శతాబ్దం మొదటి సగంలో ఏలాడు. ఇతను నిజంగా ఉన్నాడని చెప్పడానికి మనకు సమకాలీన సాక్షి ఉన్నాడు, పేరు గిల్డాస్. క్రైస్తవ మతగురువు. తన కాలపు రాజులు ఐదుగుర్ని పేరుపేరునా పిలిచి కడిగిపారేస్తూ ఒక గ్రంథం రాశాడు. ఆ ఐదుగురిలో చివరివాడు, అందరికన్నా పాపాత్ముడు మైల్‌గున్. గిల్డాస్ అతన్ని దీవి డ్రాగన్ అంటాడు. పొడగరి, బలవంతుడు, ఇవ్వడంలో ధారాళమైన చెయ్యి. కుర్రతనంలోనే మేనమామ మీద కత్తి ఎత్తి చంపి రాజ్యం లాక్కున్నాడు. తర్వాత పశ్చాత్తాపం కలిగి మఠంలో చేరాడు. మళ్లీ మనసు మార్చుకుని సింహాసనం ఎక్కాడు. భార్యను చంపాడు, అన్నదమ్ముల కొడుకును చంపాడు, చచ్చినవాడి పెళ్లాన్ని పెళ్లాడాడు. ఇవీ గిల్డాస్ ఆరోపణలు.

ఇంత కోపం పరాయివాడి మీద రాదు. మైల్‌గున్‌కు చదువు చెప్పిన గురువు బ్రిటన్‌లో పేరెన్నికగన్నవాడని గిల్డాస్ ఒకచోట బాధగా గుర్తుచేస్తాడు. చదువుకున్నవాడు, దేవుడి దారిలోకి వచ్చినవాడు, మనవాడు అనుకున్నవాడు చేజారిపోయాడు. ఆ తిట్ల వెనక ఉన్నది ఈ దుఃఖం. ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. రాజు చెవులకు దేవుడి కీర్తన ఎక్కడం లేదు, నురగలు కక్కుతూ తనను పొగిడే వందిమాగధుల అబద్ధాలే ఎక్కుతున్నాయి అని.

ఈ చివరి ఫిర్యాదు ఎంత దూరం ప్రయాణించిందో చూడండి. 16వ శతాబ్దంలో కాగితానికెక్కిన తలియెసిన్ కథలో మైల్‌గున్ కొలువు కనిపిస్తుంది. కాన్వీ నది సముద్రంలో కలిసేచోట దెగాన్వి అనే కొండమీద అతని కోట. ఎల్ఫిన్ అనే యువకుడు, నా భార్య శీలంలో రాణికి తీసిపోదు, నా కవి రాజుగారి కవులను మించినవాడు అన్నందుకు రాజు అతన్ని చెరలో వేయిస్తాడు. ఆ కవి ఒక పసివాడు, తలియెసిన్. వాడు కొలువులోకి వచ్చి మూల కూర్చుంటాడు. ఆస్థాన కవులు ఒక్కొక్కరే రాజును పొగడటానికి లేస్తారు, లేచినవాడల్లా పెదవుల మీద వేలు ఆడించుకుంటూ చంటిపిల్లల్లా బ్లెరుమ్ బ్లెరుమ్ అని తప్ప ఒక్క మాట పలకలేకపోతాడు. ఆ తర్వాత పసివాడు లేచి పాడతాడు, కోట అదిరేలా గాలి వీస్తుంది, ఎల్ఫిన్ సంకెళ్లు ఊడిపోతాయి. గిల్డాస్ సన్యాసి, తలియెసిన్ కథ చెప్పినవాళ్లు సన్యాసులు కారు. కానీ వెయ్యేళ్ల తర్వాత కూడా మైల్‌గున్ కొలువు అంటే జనానికి గుర్తున్నది అదే, నోరున్న భజనపరులు.

అతని చావు గురించి వేల్స్ వార్షిక వృత్తాంతాల్లో ఒకే వాక్యం ఉంది. 547లో పెద్ద మహమ్మారి వచ్చింది, గ్వినెద్ రాజు మైల్‌గున్ అందులో పోయాడు అని. ఆ దశాబ్దంలో మధ్యధరా తీరాల నుంచి యూరప్ అంతటా ప్లేగు పాకిన మాట నిజమే కాబట్టి ఆ వాక్యాన్ని తోసిపుచ్చనక్కర్లేదు. జనం అంతటితో ఊరుకోలేదు. పచ్చ మహమ్మారి వస్తుందని తెలిసి రాజు రోస్ చర్చిలోకి వెళ్లి తలుపులు బిగించుకున్నాడట, ఉండబట్టలేక తలుపు సందులోంచి తొంగిచూశాడట, చూపు తగలగానే ప్రాణం పోయిందట. మఠం తలుపు ఒకసారి తెరుచుకుని బయటికొచ్చినవాడికి చర్చి తలుపు రక్షణ ఇవ్వలేదన్నమాట. గిల్డాస్ ఈ కథ వినుంటే తల ఊపేవాడు.

మైల్‌గున్ తర్వాత రూన్, బెలీ, యాగో. వీళ్లను పేర్లతోనే దాటేస్తున్నాను. యాగో కొడుకు కద్వన్ దగ్గర మాత్రం ఆగాలి.

ఆంగ్ల్సీ దీవికి నైరుతి మూల అబెర్‌ఫ్రౌ అనే పల్లె ఉంది. గ్వినెద్ రాజుల ముఖ్య పట్టణంగా తరతరాలు చెప్పుకున్న చోటు. దానికి రెండు మైళ్ల దూరంలో లాన్‌గద్వలాదర్ అనే ఊళ్లో పాత చర్చి. ఆ చర్చి లోపలి గోడలో ఒక పొడవాటి రాయి పొదిగి ఉంది. పైన సిలువ, కింద కొన్ని వరుసల లాటిన్. కద్వన్ రాజు, రాజులందరిలోకీ మిక్కిలి జ్ఞాని, మిక్కిలి పేరుపొందినవాడు. అంతే. తేదీ లేదు. రాజు 7వ శతాబ్దం మొదటి పాదంవాడు, రాయి ఆ శతాబ్దానిదే. అక్షరాలు చూస్తే ముచ్చటేస్తుంది. శాసనాలకు వాడే పెద్ద అక్షరాలూ, చేతిరాత ప్రతుల్లో లేఖకులు రాసే గుండ్రటి అక్షరాలూ ఒకే వరుసలో కలిసిపోయి ఉంటాయి. చెక్కినవాడు గాని, చెక్కడానికి ముందు రాసిచ్చినవాడు గాని పుస్తకాలు తెలిసినవాడు. తూర్పున కొత్త ఇంగ్లీషు రాజ్యాల్లో క్రైస్తవం ఇంకా తప్పటడుగులు వేస్తున్న శతాబ్దం అది. పొగడ్త అతిగా ఉందా అంటే ఉంది. కానీ యోధుడు అనలేదు, విజేత అనలేదు, జ్ఞాని అన్నారు. తమ రాజు ఏ గుణంతో గుర్తుండిపోవాలని ఆ కుటుంబం కోరుకుందో ఆ రాయి చెబుతోంది.

అదే కుటుంబంలో తర్వాతి తరం కత్తి పట్టుకుని చరిత్రకెక్కింది. కద్వన్ కొడుకు కద్వల్లన్. ఇతని గురించి మనకు చెప్పింది బీడ్. ఇంగ్లీషు జాతి చర్చి చరిత్రను 731లో పూర్తిచేసిన మహా పండితుడు, నార్తంబ్రియా అనే ఇంగ్లీషు రాజ్యానికి చెందిన సన్యాసి. కద్వల్లన్ చంపింది నార్తంబ్రియా రాజునే. ఇప్పుడు సంగతి మీకు అర్థమై ఉంటుంది.

జరిగింది ఇది. నార్తంబ్రియా రాజు ఎడ్విన్ ఆంగ్ల్సీ దీవిని లోబరచుకున్నాడు. 629లో కద్వల్లన్‌ను ఆంగ్ల్సీ తూర్పు కొనన ఉన్న ఒక బుల్లి దీవిలో చుట్టుముట్టారని వేల్స్ వృత్తాంతాలు చెబుతాయి. ఇప్పుడు సముద్ర పక్షులు తప్ప ఎవరూ ఉండని దీవి అది. అక్కణ్ణించి బయటపడినవాడు నాలుగేళ్లకు మెర్షియా అనే మరో ఇంగ్లీషు రాజ్యానికి చెందిన పెండాతో చేయి కలిపి తిరిగొచ్చాడు. పెండా ఇంగ్లీషువాడు, క్రైస్తవుడు కూడా కాదు. 633 అక్టోబర్ 12న హాట్‌ఫీల్డ్ దగ్గర ఎడ్విన్‌ను చంపారు. ఆ తర్వాత నార్తంబ్రియాలో రాజుగా లేచిన ఇద్దర్ని కూడా కద్వల్లన్ ఒకరి తర్వాత ఒకర్ని చంపాడు. మరుసటి ఏడు, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గరలో, నార్తంబ్రియాకు తర్వాత రాజైన ఆస్వాల్డ్ చేతిలో తానూ పోయాడు. బ్రిటన్‌లో ఇంగ్లీషు రాజ్యాన్ని గెలిచి కాసేపైనా చేతిలో పెట్టుకున్న వెల్ష్ రాజు మరొకడు లేడు.

బీడ్ దృష్టిలో ఇతను పేరుకు క్రైస్తవుడు, నడతలో మృగం. ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా వదలని, ఇంగ్లీషు జాతినే తుడిచిపెట్టాలనుకున్న కిరాతకుడు. ఆ ఏడాది ఎంత చేదుగా ఉందంటే, రాజుల లెక్కలు కట్టేవాళ్లంతా కలిసి దాన్ని కద్వల్లన్ కాలంగా గాని, అతను చంపిన ఇద్దరి కాలంగా గాని రాయకుండా, ఆ తర్వాత వచ్చిన ఆస్వాల్డ్ ఖాతాలో వేశారట. ఈ మాట దాచకుండా బీడ్ తానే చెబుతాడు. ఆయన నిజాయితీ మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒకటి చెప్పాలి. అంతకు ఇరవై ఏళ్లలోపే చెస్టర్ యుద్ధంలో నార్తంబ్రియా రాజు ఎథెల్‌ఫ్రిత్, యుద్ధభూమి పక్కన నిలబడి ప్రార్థన చేస్తున్న బ్యాంగర్ మఠం సన్యాసులను సుమారు 1200 మందిని నరికించాడు. ఆ లెక్క రాసిందీ బీడే. అక్కడ మాత్రం ఆయనకు అది దైవశిక్షగా కనిపించింది. కద్వల్లన్ చేసిన ఘోరాలు నేను కాదనను. అతనివైపు నుంచి ఆ కథ రాసిన సమకాలీన చరిత్రకారుడు ఎవరూ లేరు, అదే నా బాధ.

కద్వల్లన్ పోయాక కొన్నాళ్లు కదవైల్ అనే వేరే ఇంటి మనిషి గ్వినెద్ ఏలాడు. 655లో విన్‌వెద్ యుద్ధానికి పెండా వెంట వెళ్లి, రాత్రికి రాత్రే సైన్యంతో లేచి వెనక్కి వచ్చేశాడు. పెండా ఆ యుద్ధంలో చచ్చాడు. కదవైల్‌కు పోరు ఎగ్గొట్టినవాడు అనే బిరుదు మిగిలింది.

తర్వాత కద్వల్లన్ కొడుకు కద్వలాదర్ వచ్చాడు. నేను చెప్పిన చర్చి ఊరు అతని పేరు మీదే ఉంది. ప్లేగులో పోయాడు, 682లో అని వేల్స్ వృత్తాంతాల లెక్క. జీవితంలో ఏం చేశాడో దాదాపు ఏమీ తెలియదు. అయినా ఈ రాజులందరిలో చనిపోయాక ఎక్కువ పని చేసినవాడు ఇతనే. 1130ల్లో మాన్‌మత్ జెఫ్రీ బ్రిటన్ రాజుల కథను కల్పన దండిగా కలిపి రాసినప్పుడు కద్వలాదర్‌ను బ్రిటన్ మొత్తానికి చివరి రాజును చేశాడు. రోమ్‌కు పోయి 689లో అక్కడ కన్నుమూశాడని రాశాడు. నిజానికి ఆ ఏడు రోమ్‌లో చనిపోయింది వెసెక్స్ రాజు కెడ్వాలా, ఇంగ్లీషువాడు. పేర్లు కలగలిసిపోయాయి. కద్వలాదర్ వంశం మళ్లీ లేచి దీవిని ఏలుతుందన్న జోస్యం మాత్రం వెల్ష్ కవుల నోట శతాబ్దాల తరబడి ఆరకుండా ఉంది. 1485లో హెన్రీ ట్యూడర్ వేల్స్ తీరంలో దిగి, వెల్ష్ సీమల మీదుగా నడిచి బాస్వర్త్ యుద్ధభూమి చేరినప్పుడు అతని జెండాల్లో ఒకటి కద్వలాదర్ ఎర్ర డ్రాగన్. అతని తాతముత్తాతలది ఆంగ్ల్సీ దీవే. ఇప్పుడు వేల్స్ అధికార పతాకం మీద ఉన్నదీ ఎర్ర డ్రాగనే. ప్లేగులో పోయిన ఒక రాజు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఒకడికి ఇంగ్లండ్ సింహాసనం ఎక్కడానికి మెట్టయ్యాడు.

ఇంక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. 825లో హివెల్ అనే రాజు చనిపోవడంతో కునెద మగసంతతి అధికారం ముగిసింది. కొలువులోకి కొత్తవాడొచ్చాడు, పేరు మెర్విన్. మొహం మీద మచ్చలుండేవేమో, మచ్చల మెర్విన్ అంటారు. తండ్రి గ్వ్రియద్. బహుశా మ్యాన్ దీవి నుంచి వచ్చాడు. ఆ దీవిలో గ్వ్రియద్ సిలువ అని చెక్కిన రాయి ఒకటి దొరికింది కూడా.

ఈ మెర్విన్ కొలువు ఎలాంటిదో చెప్పే ఉత్తరం ఒకటి మిగిలింది. ఐర్లండ్ నుంచి యూరప్ వెళ్లే పండితులు దారిలో ఈ కొలువులో ఆగేవారు. వచ్చినవాడు నిజంగా పండితుడా కాదా తేల్చడానికి దుఫ్తాఖ్ అనే ఐరిష్ పండితుడు ఒక చిక్కు పెట్టాడు. చూస్తే అన్నీ గ్రీకు అక్షరాలు, ఎటు నుంచి చదివినా అర్థం కావు. కిటుకు ఏమిటంటే గ్రీకులో అక్షరాలే అంకెలు కూడా. ఆ అంకె లాటిన్ వర్ణమాలలో ఎన్నో అక్షరమో చూసుకోవాలి. మొదట ఉన్నది పదిని, రెండును సూచించే రెండు అక్షరాలు. పన్నెండు. లాటిన్‌లో పన్నెండో అక్షరం ఎమ్. తర్వాత ఐదు, అంటే ఇ. తర్వాత పదిహేడు, ఆర్. అలా విప్పుకుంటూ పోతే, మెర్విన్ రాజు కింగెన్‌కు నమస్కారం చెబుతున్నాడు అని వస్తుంది. ఆ కింగెన్ పొరుగున ఉన్న వెల్ష్ రాజ్యం పొవిస్‌కు రాజు. నలుగురు ఐరిష్ కుర్ర పండితులు దాన్ని విప్పి, జవాబును ఇంటిదగ్గర గురువు కొల్గుకు రాసి పంపారు. మనవాళ్లు ఇటువైపు వచ్చేటప్పుడు తెలియని వాళ్లకు చెప్పండి, మెర్విన్ రాజు ముందు సిగ్గుపడే గతి పట్టకూడదు అని. పరీక్ష పేపరు ముందే బయటపెట్టడమే అది, ఎంత ప్రేమగా పెట్టారో.

కునెద కథలో ఉన్న కోరిక ఎవరిదన్న, ఇంతకుముందు దాటేసిన ప్రశ్నకు జవాబు ఈ మెర్విన్ దగ్గరే ఉంది. కునెద కథ చెప్పే లాటిన్ గ్రంథం, బ్రిటన్ల చరిత్ర, ఎప్పుడు కూర్చారో తెలుసు: మెర్విన్ ఏలుబడిలో నాలుగో ఏట, అంటే 829 లేక 830. సింహాసనం మీద ఉన్నవాడు బయటినుంచి వచ్చినవాడు. ఆ సమయంలో, అసలు ఈ రాజ్యానికి మూలపురుషుడే బయటినుంచి వచ్చాడు, పరాయివాళ్లను తరిమి ఈ నేలను తన కొడుకులకు పంచాడు అనే కథ ఎంత అక్కరకొస్తుందో ఊహించండి. కునెద నిజంగా ఉన్నాడా అంటే ఉండొచ్చు. కానీ మనం వింటున్న కునెద మాత్రం 9వ శతాబ్దపు అవసరంలోంచి మాట్లాడుతున్నాడు.

మెర్విన్ 844లో పోయాడు. కొడుకు మహా రోద్రి. 856లో గోర్మ్ అనే డేన్ నాయకుణ్ని చంపి వైకింగుల దూకుడుకు అడ్డం నిలిచాడు, పొవిస్‌నూ కెరెదిగియాన్ వైపునూ తన గొడుగు కిందికి తెచ్చాడు. 878లో ఇంగ్లీషువాళ్ల చేతిలో కొడుకుతో సహా చచ్చిపోయాడు. మూడేళ్లకు మరో కొడుకు అనరౌద్ కాన్వీ నది దగ్గర మెర్షియా సైన్యాన్ని చిత్తు చేశాడు. రోద్రి కోసం దేవుడు తీర్చిన పగ అని వృత్తాంతకారుడు రాసుకున్నాడు. రోద్రి మనవడు హివెల్ ద, అంటే మంచి హివెల్, వేల్స్ ధర్మశాస్త్రానికి తన పేరు ఇచ్చినవాడు, 950 ప్రాంతంలో పోయాడు.

ఆ హివెల్ కొడుకు ఒవైన్ కోసం 10వ శతాబ్దంలో ఒక వంశావళి కూర్చారు. దాని ప్రతి 1100 ప్రాంతంలో రాసిన ఒక చేతిరాత గ్రంథంలో మిగిలి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఒవైన్ తండ్రి హివెల్, అతని తండ్రి కదెల్, అతని తండ్రి రోద్రి, అతని తండ్రి మెర్విన్. మెర్విన్ దగ్గర తండ్రి పేరు గ్వ్రియద్ రావాలి. రాదు. మెర్విన్ తల్లి పేరు వస్తుంది, కినాన్ రాజు కూతురు ఎథిల్ అని. ఆ ఒక్క ఆడపేరు పట్టుకుని వరస పాత ఇంట్లోకి దాటుకుంటుంది, అక్కణ్ణించి కద్వలాదర్, కద్వల్లన్, కద్వన్, మైల్‌గున్ మీదుగా కునెద దాకా, ఇంకా పైకి, కన్య మరియకు దాయాది అని చెప్పిన అన్నా దాకా ఎక్కుతుంది. కదవైల్ పేరు ఆ వరసలో లేదు. అతని పేరూ, ఎగతాళి బిరుదూ అదే సంపుటంలో, కొన్ని పుటల ముందు, బ్రిటన్ల చరిత్రలో ఉన్నాయి.